రోడ్డు దాటే మనిషిని చూసి స్పీడు లిమిట్ పెట్టండి

తెలంగాణ రవాణా శాఖ అధికారులకు, హైదరాబాద్ మహానగరంలోని ట్రాఫిక్ పోలీసు అధికారులకు, నగరపాలక ఇంజనీర్లకు

నమస్కారం.

నేను 31 ఏళ్లు ఈ నగరంలో సిటీ బస్సు నడిపి రిటైరైన డ్రైవర్‌ని. చాలాకాలం 49ఎం మీద సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నం దాకా తిరిగాను. చివరి ఏళ్లలో 8ఏ మీద చార్మినార్‌కు పోయాను. ఇప్పుడు ఉప్పల్ వైపు కొడుకు దగ్గర ఉంటున్నాను. నా చదువు పదో తరగతి వరకే. ఈ లేఖలో ఉన్న చట్టాలు, అంకెలు వెతికి పెట్టింది మా మనవరాలు. రోడ్డు మీద చూసి చెప్పేవి మాత్రం నావే.

స్పీడు లిమిట్లు పెంచాలా, తగ్గించాలా అని నగరంలో మళ్లీ మాటలు నడుస్తున్నాయి. మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగులో నీళ్ల ట్యాంకర్ల గురించి మాట్లాడదామని కూర్చుంటే గంటసేపు దీని మీదే గొడవైంది. "అరవై కూడా తక్కువే అంకుల్, రోడ్డు ఖాళీగా ఉంటే ఎనభై పోతే ఏమైతది" అన్నాడు మూడో అంతస్తు అబ్బాయి. "నలభై చేసినా నాకు భయమే, మా పాపను స్కూలు బస్సు ఎక్కించేసరికి పానం పోతోంది" అంది ఎదురింటావిడ. ఇద్దరూ మాట్లాడింది ఒకే రోడ్డు గురించి. అతను ఆ రోడ్డు మీద రాత్రి పదకొండింటికి ఆఫీసు నుంచి వస్తాడు. ఆమె పొద్దున ఏడున్నరకు పిల్ల చెయ్యి పట్టుకుని దాటుతుంది. ఎవరి మాటా అబద్ధం కాదు. అందుకే ఆ గొడవ తెగలేదు.

ఇప్పుడు నడుస్తున్న రూలు 2023లో వచ్చింది. గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద కారుకు గంటకు 60 కిలోమీటర్లు, బస్సు, ఆటో, బైకు, లారీ లాంటి మిగతా బండ్లకు 50. డివైడర్ లేకపోతే కారుకు 50, మిగతావాటికి 40. కాలనీ రోడ్డు మీద ఏ బండికైనా 30. చదవడానికి శుభ్రంగా ఉంది, గుర్తుపెట్టుకోవడం తేలిక. కాలనీలకు 30 పెట్టినందుకు మీకు మనస్ఫూర్తిగా దండం పెడతాను. కానీ పెద్ద రోడ్ల దగ్గర మీరు డివైడర్ ఉందా లేదా అన్నది ఒక్కటే చూశారు. ఆ రోడ్డును ఎవరు దాటుతున్నారో చూడలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

మా వదినకు 68 ఏళ్లు. మా అన్న పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. మోకాళ్ల నొప్పుల మందు కోసం నెలకోసారి ఆసుపత్రికి పోతుంది. పోయిన ఏడాది ఒకరోజు మందు తీసుకుని బస్సు దిగి, ఇంటి వైపు రావడానికి రోడ్డు దాటుతోంది. సగం దాటి డివైడర్ సందులో నిలబడింది. రెండో సగం దాటుతుంటే కారు గుద్దింది. తుంటి ఎముక విరిగింది. చేతిలో ఉన్న మందుల కవరు ఎగిరి అవతలి ఫుట్‌పాత్ మీద పడిందట. దాన్ని ఒక పూలమ్మే ఆమె తీసి దాచి, సాయంత్రం మాకు ఇచ్చింది.

ఆ కారు నడిపిన అబ్బాయి పారిపోలేదు. తన కారులోనే ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకొచ్చాడు. నేను పోయేసరికి వార్డు బయట నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లు ఉంటాయి. నా నోట్లోంచి ముందు వచ్చిన మాట "స్పీడు ఎంతలో ఉన్నావు బిడ్డా?" అని. "యాభై అయిదు ఉంటది అంకుల్, అంతకన్నా ఎక్కువ లేదు" అన్నాడు. తర్వాత అక్కడి షాపు కెమెరాలో చూసినవాళ్లు కూడా అతను పిచ్చిగా ఏమీ రాలేదని చెప్పారు. తాగి లేడు. ఫోన్ చేతిలో లేదు. రాంగ్ రూట్ కాదు. లిమిట్ 60 ఉన్న రోడ్డు మీద 55లో వచ్చాడు.

అంటే రూలు పాటించిన మనిషే మా వదినను గుద్దాడు. ఆ రోజు నుంచి ఈ మాట నన్ను వదలడం లేదు.

మా వదిన ఇప్పుడు వాకర్‌తో బాల్కనీ దాకా నడుస్తుంది. ఆ అబ్బాయి ఇప్పటికీ పండుగలకు వచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టి పోతాడు. అతని మీద నాకు కోపం లేదు. నేనే ఆ సీట్లో ఉన్నా ఆ స్పీడుకు ఆపగలిగేవాణ్ని కాదు.

డివైడర్ ఎందుకు కడతారు? ఎదురెదురు బండ్లు గుద్దుకోకుండా. ఆ పని అది బాగానే చేస్తుంది. బండిలో ఉన్నవాడికి అది రక్షణ. కానీ రోడ్డు దాటేవాడికి డివైడర్ వల్ల ఏం ఒరిగింది? మధ్యలో ఒక కాలు పెట్టుకునేంత జాగా వచ్చింది, అంతే. దానికి బదులుగా రెండు పక్కలా బండ్ల స్పీడు పెరిగింది. దిల్‌సుఖ్‌నగర్‌లోనూ డివైడర్ ఉంది, కోఠిలోనూ ఉంది, అమీర్‌పేటలోనూ ఉంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు పోయే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదా ఉంది. ఎక్స్‌ప్రెస్‌వే మీద మనిషి నడవడు, బైకు కూడా ఎక్కనివ్వరు. దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం ఆరింటికి మనుషులే నదిలాగా పారుతుంటారు. రూలులోని మాటను బట్టి చూస్తే ఈ రెండూ ఒకే రకం రోడ్లు. ఏ డ్రైవర్‌ని అడిగినా కాదంటాడు.

ఇంకో సంగతి. ట్రాఫిక్ ఆగకుండా ఉండాలని ఈ మధ్య చాలాచోట్ల సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టారు. బండ్లకు సుఖమే. కానీ సిగ్నల్ ఉన్నప్పుడు, పాదచారి కోసం ప్రత్యేకంగా లైటు లేకపోయినా, ఎర్ర లైటు పడ్డప్పుడల్లా బండ్లు ఆగేవి. ఆ అర నిమిషంలో జనం గుంపుగా దాటుకునేవాళ్లు. సిగ్నల్ పోవడంతో ఆ అర నిమిషం కూడా పోయింది. బండి యూటర్న్ తీసుకుంటుంది. నడిచే మనిషి యూటర్న్ తీసుకోలేడు కదా. బస్సు దిగినచోటే, అవతల ఏముంటే అక్కడికే దాటుతాడు.

మెట్రో రోడ్ల మీద పిల్లర్లు కూడా చూడండి. డ్రైవర్ సీట్లోంచి చూస్తే పిల్లర్ వెనక నిలబడ్డ మనిషి కనపడడు. ఒక్క అడుగు ముందుకు వేశాకే కనపడతాడు. బస్సు దిగినవాడు బస్సు వెనక నుంచి దాటాలని మేం ఎంత మొత్తుకున్నా ముందు నుంచే దాటుతాడు. వెనక నుంచి పక్క లేన్‌లో వచ్చే కారుకు మా బస్సే గోడలాగా అడ్డం. ఈ రెండుచోట్లా డ్రైవర్‌కు దొరికే సమయం ఒక సెకను, ఒకటిన్నర సెకను. అంతకన్నా ఉండదు.

మన ఊళ్లో జనం రోడ్డు ఎలా దాటతారో మీకు తెలియనిది కాదు. అరచెయ్యి చూపించి దాటతారు. తల పక్కకు తిప్పి, బండి వైపు చూస్తూ, చెయ్యి అడ్డంగా చాపి, చిన్నచిన్న అడుగులేసుకుంటూ. ఆడవాళ్లయితే కొంగు నడుముకు దోపుకుని ఒక చేత్తో పిల్లను పట్టుకుని రెండో చెయ్యి చూపిస్తారు. ఆ అరచెయ్యే వాళ్ల సిగ్నల్. 30లో వస్తున్న డ్రైవర్‌కు ఆ చెయ్యి కనపడుతుంది, ఆ కళ్లు కూడా కనపడతాయి, కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుంది. 60లో వస్తున్నవాడికి చెయ్యి కనపడేసరికి చేతికీ బంపర్‌కీ మధ్య దూరం మిగలదు. వేల మంది రోజూ ఆ చెయ్యిని నమ్ముకుని రోడ్డెక్కుతున్నారు.

ఒకసారి సంక్రాంతికి ముందు రోజుల్లో, స్టాపులోంచి బస్సు తీసి సెకండ్ గేరులో పోతున్నాను. తెగిన పతంగి వెనక ఒక పిల్లాడు, తొమ్మిదేళ్లుంటాయేమో, ఆకాశంలోకి చూస్తూ అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. బ్రేకు తొక్కాను. బస్సులో నిలబడ్డవాళ్లంతా ముందుకు పడ్డారు, తిట్టారు. బస్సు ముందు అద్దంలోంచి చూస్తే ఆ పిల్లాడి నెత్తి మాత్రమే కనపడుతోంది. అంత దగ్గర్లో ఆగింది. వాడు నా వైపు చూడను కూడా చూడలేదు, పతంగి వైపే చూసుకుంటూ పోయాడు. వాడు బతికింది నేను గొప్పగా నడిపినందుకు కాదు. బస్సు అప్పుడే స్టాపులోంచి బయల్దేరింది కాబట్టి బతికాడు. ఇంకో రెండు వందల మీటర్లు ముందుకు పోయి ఉంటే టాప్ గేరులో ఉండేవాణ్ని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లెక్క నేను చెప్పగలిగినట్టు చెబుతాను. గంటకు 60 అంటే సెకనుకు 16 మీటర్ల పైనే. కంటికి కనపడి, బుర్రకు ఎక్కి, కాలు బ్రేకు మీద పడటానికి చురుకైన డ్రైవర్‌కైనా ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి 16 మీటర్లు పోయింది. ఆ తర్వాత, రోడ్డు ఎండి ఉండి, టైర్లు, బ్రేకులు బాగుంటే ఆగడానికి ఇంకో 20 మీటర్లు. మొత్తం 36 మీటర్లు. మా సిటీ బస్సులు మూడు వరసగా నిలబెట్టినంత. 50లో అయితే 28 మీటర్ల దగ్గర ఆగుతుంది. 30లో అయితే 13 మీటర్లు, ఒక బస్సు పొడవు కన్నా కొంచెం ఎక్కువ. 30లో వచ్చే కారు పూర్తిగా ఆగిపోయినచోట, 60లో వచ్చే కారు డ్రైవర్ ఇంకా బ్రేకు తొక్కనే లేదు. ఇంకోటి వినండి. 50లో వచ్చిన కారు సరిగ్గా మనిషి ముందు ఆగిందనుకోండి. అదే చోట 60లో వచ్చిన కారు ఆ మనిషిని ఇంచుమించు 40 స్పీడుతో గుద్దుతుంది. మీటరు మీద పది తేడా. మనిషి దగ్గరికి వచ్చేసరికి అది ఒంటికి తగలకపోవడానికీ, తుంటి విరగడానికీ ఉన్న తేడా. వానాకాలంలో ఇది ఇంకా ఎక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెబుతోందని మనవరాలు చూపించింది. సగటు స్పీడు ఒక్క శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదం నాలుగు శాతం పెరుగుతుందట. కారు ముందు భాగం తగిలిన పాదచారి చనిపోయే అవకాశం, స్పీడు 50 నుంచి 65కు పోయేసరికి నాలుగున్నర రెట్లు అవుతుందట.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క. అందులో 71 శాతం ఓవర్ స్పీడు ఖాతాలో రాశారు. మొత్తం చనిపోయినవాళ్లలో నూటికి 44 మంది బైకుల మీద పోయేవాళ్లు, దాదాపు 20 మంది నడిచేవాళ్లు. ఈ ఓవర్ స్పీడు అన్న మాట దగ్గర నాకో అనుమానం ఉంది. లిమిట్ దాటితేనే కదా ఓవర్ స్పీడు? లిమిట్ 60 పెట్టిన రోడ్డు మీద 55లో వచ్చిన బండి ఎవరినైనా గుద్దితే ఆ ఖాతాలోకి ఎలా వస్తుంది? మా వదిన కేసు ఏ ఖాతాలో ఉంటుంది? "నిర్లక్ష్యంగా రోడ్డు దాటారు" అన్న ఖాతాలోనేమో. లిమిట్ ఎంత పెంచితే అంతమంది ఓవర్ స్పీడు లెక్కలోంచి జారిపోతారు. మనుషులు పోవడం మాత్రం తగ్గదు.

ఇక స్పీడు పెంచమనేవాళ్ల బాధ కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో న్యాయం ఉంది. నా కొడుక్కి ఒకే నెలలో రెండుసార్లు 1,035 రూపాయల చలాన్ వచ్చింది. స్పీడు కొలిచే లేసర్ గన్ పట్టుకున్న మనిషి ఎక్కడున్నాడో వాడికి ఫోటో వచ్చేదాకా తెలియదు. ఆ రోడ్డు మీద లిమిట్ ఎంతో చెప్పే బోర్డు వెతికితే చెట్టు కొమ్మల వెనక దొరికింది. చలాన్ వచ్చిన కోపంలో వాడు కూడా లిమిట్ పెంచాలనే అన్నాడు. నేను తప్పుపట్టలేదు. వాడికి స్పీడు మీద కోపం లేదు, దొంగచాటుగా పట్టుకున్నారని కోపం.

చట్టం కూడా దొంగచాటు వద్దనే చెబుతోంది. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్రానికి లిమిట్ పెట్టే అధికారం ఉంది. అదే సెక్షన్‌లో గెజిట్‌లో ప్రకటించడంతో పాటు తగిన చోట్ల గుర్తుల బోర్డులు పెట్టాలని కూడా ఉంది. 2021 ఆగస్టులో కేంద్రం చేర్చిన 167ఏ నిబంధన, కెమెరాలతో నిఘా పెట్టే రోడ్డుకు ముందు ఆ సంగతి తెలిసేలా బోర్డు ఉండాలంటోంది. కాబట్టి అయ్యా, ముందు బోర్డు, ఆ తర్వాతే గన్. ఎంత పెద్ద అక్షరాల్లో రాస్తే అంత మంచిది. కెమెరా ఉందని చూసి డ్రైవర్ స్పీడు తగ్గిస్తే మీకు చలాన్ డబ్బు రాదు, కానీ కావలసింది అదే కదా. ఇప్పుడు జనం లిమిట్‌ను వసూళ్ల కోసం పెట్టిన ఉచ్చులాగా చూస్తున్నారు. ఆ అభిప్రాయం పోనంతకాలం మీరు 30 పెట్టినా 60 పెట్టినా ఎవరూ మనసుతో పాటించరు.

స్పీడు తగ్గిస్తే లేటవుతుందన్న మాట దగ్గరికి వస్తాను. సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నం ఒక ట్రిప్పు నాకు గంట పైనే పట్టేది. పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. స్పీడోమీటర్ ముల్లు 50 దాకా పోయేది సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య. పోయి మళ్లీ ఎర్ర లైటు దగ్గర నిలబడేది. నన్ను కట్ కొట్టి దూసుకుపోయిన కార్లన్నీ అక్కడే, నా ముందే నిలబడి ఉండేవి. మొత్తం రోడ్డును 30 చేయమని నేను అడగడం లేదు. మనుషులు దాటే చోటికి అటు వంద మీటర్లు, ఇటు వంద మీటర్లు చాలంటున్నాను. ఆ రెండు వందల మీటర్లు 60లో పోతే 12 సెకన్లు, 30లో పోతే 24 సెకన్లు. ఒక్కోచోట 12 సెకన్ల తేడా. ఆఫీసుకు పోయే దారిలో అలాంటివి పది తగిలితే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు మూడో అంతస్తు అబ్బాయి కూడా ఇస్తాడు. అడిగాను, ఇస్తానన్నాడు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 చేశారు. నాకు దాని మీద ఏ అభ్యంతరం లేదు. 158 కిలోమీటర్ల రోడ్డు, కంచె ఉంది, బైకులు లేవు, బస్ స్టాపులు లేవు, కొత్తిమీర కట్టలు పట్టుకుని దాటే అవ్వ లేదు. స్పీడు కావాలంటే అలాంటి చోట పోనివ్వండి.

ఊళ్లో రోడ్ల దగ్గర కారుకు 60, మిగతావాటికి 50 అని రెండు లిమిట్లు పెట్టడం కూడా ఒక డ్రైవర్‌గా నాకు నచ్చలేదు. లేన్లు ఎవరూ పాటించని రోడ్డు మీద, ఒకే వరసలో కొందరు యాభై, కొందరు అరవై పోవాలంటే అరవైవాడు యాభైవాణ్ని దాటుతూనే ఉండాలి. మన రోడ్లలో దాటడం అంటే ఎడమ నుంచి దూరడం, కట్ కొట్టడం, హారన్ మోగిస్తూ వెనక అంటుకుని రావడం. బైకు మీద పోయే వాడే దీనికి బలి. అందరికీ ఒకటే లిమిట్ ఉంటే రోడ్డు మీద టెన్షన్ సగం తగ్గుతుంది.

బోర్డు పెట్టినంత మాత్రాన పని అయిపోదని కూడా నాకు తెలుసు. 2019 నవంబర్‌లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద లిమిట్ 40. తెరిచి నెల కూడా కాలేదు. వంద దరిదాపుల్లో వచ్చిన కారు పైనుంచి కింద రోడ్డు మీద పడింది. కింద నిలబడి ఉన్న ఒక మహిళ ప్రాణం పోయింది. 40 అని రాసిన రేకు ఆ కారును ఆపలేదు. తర్వాత కొన్ని వారాలు మూసి, స్పీడును అదుపు చేసే ఏర్పాట్లు పెంచి మళ్లీ తెరిచారు. రోడ్డు చూడటానికి ఎంత వెడల్పుగా, నున్నగా ఉంటే కాలు అంత బరువుగా యాక్సిలరేటర్ మీద పడుతుంది. డ్రైవర్ బోర్డును ఒకసారి చదువుతాడు, రోడ్డును ప్రతి క్షణం చదువుతాడు.

మా గల్లీల్లో జనం ఏం చేస్తున్నారో చూడండి. ఎక్కడైనా పిల్లాడికి దెబ్బ తగిలితే తెల్లారేసరికి అక్కడ సిమెంటు దిబ్బ లేస్తుంది. ఎవరో ఇల్లు కట్టుకునేవాళ్ల దగ్గర మిగిలిన కంకర, రెండు బస్తాల సిమెంటు. రంగు ఉండదు, కొలత ఉండదు, రాత్రిపూట బైకు దాని మీద ఎగిరి పడుతుంది. అది తప్పే. కానీ అది ఆ గల్లీ వాళ్లు మీకు పెట్టుకున్న అర్జీ అని ఒకసారి అనుకుని చూడండి. మీరు వినలేదని వాళ్లే కట్టుకున్నారు. రోడ్ల కొలతలు చెప్పే ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ స్పీడ్ బ్రేకర్‌కు కొలత ఎప్పుడో చెప్పింది. 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రటి వంపు. ఆ కొలతతో కట్టి తెల్ల చారలు వేస్తే బండికీ దెబ్బ ఉండదు, నడుముకీ దెబ్బ ఉండదు. పెద్ద రోడ్ల మీద జీబ్రా క్రాసింగ్‌నే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కడితే, బండి తనంతట తానే తగ్గుతుంది, ముసలివాళ్లు మెట్టు దిగి ఎక్కే పని కూడా ఉండదు. పోలీసు లేకపోయినా అర్ధరాత్రి కూడా పనిచేసే ఏర్పాటు అది.

మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట లిమిట్ 30 దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో చాలా దేశాలు కూర్చుని చెప్పాయి. మన కేంద్ర మంత్రి గడ్కరీ గారు కూడా ఆ సదస్సుకు పోయారు. 2023 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లోని వేల్స్‌లో ఊళ్లలోని రోడ్ల మీద 48 కిలోమీటర్లు ఉన్న లిమిట్‌ను ఒక్కసారిగా 32కు తగ్గించారు. దానికి వ్యతిరేకంగా నాలుగు లక్షల అరవై వేలకు పైగా సంతకాలు పడ్డాయి. అంత చిన్న దేశంలో అది మామూలు కోపం కాదు. ప్రమాదాల్లో దెబ్బలు తగిలేవాళ్లు తగ్గారని అక్కడి లెక్కలు వచ్చాయి. అయినా ప్రభుత్వం జనం మాట కొట్టిపారేయలేదు. ఏ రోడ్డు మీద పాత లిమిట్ ఉండొచ్చో రోడ్డు రోడ్డుగా చూసుకోమని స్థానిక కౌన్సిళ్లకు చెప్పింది. నాకు నచ్చింది ఆ పద్ధతి. రోడ్డు రోడ్డుగా చూడటం.

మిమ్మల్ని నేను అడిగేది కూడా అంతే. డివైడర్ ఉన్న ప్రతి రోడ్డుకూ ఒకే అంకె అన్న రూలును పక్కన పెట్టండి. బస్ స్టాపులున్న రోడ్డయితే ఏ బండికైనా 50 మించకుండా చూడండి. స్కూలు, ఆసుపత్రి, మార్కెట్, మెట్రో స్టేషన్, బస్ స్టాపు ఉన్నచోట 30 పెట్టండి, అక్కడే ఎత్తు జీబ్రా కట్టండి. మనిషి అడుగుపెట్టని ఫ్లైఓవర్లు, ఎక్స్‌ప్రెస్‌వేల మీద ఇంజనీర్లు మలుపులు చూసి సరే అంటే 60 ఉంచండి, అంతకన్నా పెంచుతానన్నా నేను మాట్లాడను. సిగ్నల్ తీసేసిన ప్రతిచోటుకీ ఒకసారి పోయి, అక్కడ జనం ఇప్పుడు ఎలా దాటుతున్నారో చూడండి. లిమిట్ మార్చే ముందు ఆ రోడ్డు మీద బస్సు నడిపే డ్రైవర్లను, ఆటోవాళ్లను, ఆ స్టాపులో పూలమ్మే ఆమెను అడగండి. ఎక్కడ రోజూ బ్రేకు పడుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు. నేను తిరిగిన రూట్లలో అలాంటి చోట్లు నేనే రాసిచ్చాను. ఈ లేఖతో పాటు రెండు పేజీల కాగితం జతచేశాను, 49ఎం రూట్‌లోవి, 8ఏ రూట్‌లోవి, మా ఇంటి దగ్గరివి. స్టాపు పేరు, ఏ టైంలో జనం ఎక్కువ దాటుతారు, పిల్లర్ అడ్డం వస్తుందా, చెట్టు అడ్డం వస్తుందా, రాత్రి లైటు ఉందా, అన్నీ రాశాను.

అందులో మొదటిది మా వదిన పడిన చోటు. ఆ డివైడర్ సందును ఇప్పటికీ ఎవరూ మూయలేదు. మూయవద్దనే నా మనవి కూడా. మూస్తే జనం ఇంకో చోట గ్రిల్లు వంచి దాటతారు. ఆ సందు దగ్గరే జీబ్రా ఎత్తి కట్టి, రెండు వైపులా 30 బోర్డు పెట్టండి. మీ ఇంజనీర్ గారు కొలతలకు ఏ రోజు వస్తారో ముందురోజు కబురు చేస్తే చాలు. పొద్దున ఏడున్నరకు రమ్మనండి, అప్పుడే స్కూలు పిల్లలు దాటుతారు. టేపు రెండో కొస నేను పట్టుకుంటాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ సిటీ బస్సు డ్రైవర్
ఉప్పల్, హైదరాబాద్